బోను కింద మొదలయ్యే ఎరువు

వరి ఊక అంత తేలిగ్గా చివకదు. గింజను తేమ నుంచీ పురుగు నుంచీ కాపాడటానికి వరిమొక్క ఆ తొడుగులో సిలికా నింపి పెడుతుంది. ఊకను కాలిస్తే బరువులో ఐదోవంతు దాకా బూడిదే మిగులుతుంది. ఆ బూడిదలో నూటికి 85 పాళ్లకు పైగా సిలికా. మిగతా భాగంలోనూ చెట్టు మానుకు గట్టితనమిచ్చే లిగ్నిన్ చాలానే ఉంటుంది. నీళ్లు పోస్తే పీల్చుకోదు, పైకి తేలుతుంది. ఎరువు దిబ్బలో గుప్పెడు వేస్తే, దిబ్బంతా చివికిపోయినా ఆ గుప్పెడు మాత్రం ఊకగానే కనిపిస్తుంది.

తిరువూరులో మా పెద్దమ్మ ఈ ఊకనే కుందేళ్ల కింద, కోళ్ల కింద పరిచి, ఆరేడు నెలల్లో నల్లటి మెత్తటి ఎరువు చేస్తుంది. ఇంట్లో ముచ్చటకు పెంచుకునే జీవాల కింద చెత్తను చాలామంది చెత్తబండిలో పడేస్తారు, లేదా దొడ్డి మూల తగలబెడతారు. పెద్దమ్మ పెరట్లో ఒక్క తట్టెడు కూడా అలా పోదు. ఆ పనిని పక్కన కూర్చుని చూసినకొద్దీ, ఇందులో ఎంత లెక్క, ఎంత ఒడుపు ఉన్నాయో తెలిసినకొద్దీ నాకు ఆవిడ చేతుల మీద గౌరవం పెరుగుతూ వచ్చింది. ఆ పనితనాన్ని పరిచయం చేయాలనే ఇది రాస్తున్నాను.

విజయవాడ నుంచి భద్రాచలం మీదుగా జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మీద, మైలవరం దాటాక, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది తిరువూరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. డెల్టా నల్లమట్టి కాదిక్కడ. మామిడి తోటలు, పత్తి, మొక్కజొన్న పండే మెట్టప్రాంతం, ఎర్రనేలలు ఎక్కువ. ఎర్రనేలకు ఉన్న గుణం, తడి నిలవదు. పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి కనిపించవు. ఎండలు 40 డిగ్రీలు దాటే ఊళ్లో అలాంటి నేల మీద బీరపాదు, మల్లెచెట్టు, వంగమొక్క బతకాలంటే మట్టిలో చివికిన పదార్థం ఉండి తీరాలి. సంచుల ఎరువు మొక్కకు తిండి పెడుతుంది గానీ నేలకు తడి పట్టే గుణం ఇవ్వదు. పెద్దమ్మ పట్టుదలకు కారణం అదే.

పెరట్లో ఉన్న జీవాలు ఏమంత ఎక్కువ కావు. గూటికి నిండా నాటుకోళ్లు, వాటితోపాటు హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన వనరాజా కోళ్లు కొన్ని. మనవళ్ల కోసం తెచ్చిన కుందేళ్ల జంట. వరండాలో లవ్ బర్డ్స్ పంజరం. గోడ అవతల పక్కింటివాళ్ల మేకలు. మిల్లు నుంచి ఊక, ఎదురు తోట నుంచి రాలిన మామిడాకు, మొక్కజొన్న కళ్లంలో మిగిలిన బెండ్లు, పాత దినపత్రికలు. ఇదీ సరుకు.

ఎరువు చేయడమంటే దిబ్బ పేర్చడమనే మనలో ఎక్కువమంది అనుకుంటాం. పెద్దమ్మ పనిలో నన్ను మొదట ఆకట్టుకున్నది దిబ్బ కాదు, బోను కింది ఏర్పాటు. చెక్క కాళ్ల మీద నిలబెట్టిన కుందేళ్ల బోనుకు అడుగున ఇనప జల్లెడ. దాని కింద వెడల్పాటి రేకు తట్ట. ఆ తట్టలో ముందు రెండు వేళ్ల మందాన జల్లించిన ఎర్రమట్టి పరుస్తుంది. దాని మీద నలిపిన మామిడాకు. ఆ పైన ఊక. అన్నిటికన్నా పైన చింపిన దినపత్రిక ముక్కలు. పత్రికల్లోనూ మెరిసే రంగు కాగితం వేయదు, మామూలు నలుపు తెలుపు పేజీలే వేస్తుంది. పై నుంచి పడ్డ పెంటికలు కాగితం మీద, ఊక మీద ఆగిపోతాయి. మూత్రం మాత్రం కాగితాన్ని తడిపి, ఊకను దాటి, ఆకులోకి, అక్కడి నుంచి మట్టిలోకి దిగుతుంది.

"ఊక తాగదు నాన్నా, దారిస్తుంది అంతే. తాగేది మట్టి," అంది పెద్దమ్మ.

ఆ ఒక్క మాటలో ఈ విద్య సగం ఉంది. జంతువు తిన్న మేతలోని నత్రజనిలో పెద్దభాగం మూత్రంలోనే బయటికొస్తుంది, యూరియా రూపంలో. పెంటలో ఉండే సూక్ష్మజీవులు ఆ యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా చేస్తాయి. అమ్మోనియా గాలిలో కలిసిపోతుంది. కుందేలు విషయంలో ఇది మరీ తొందరగా జరుగుతుంది. దాని మూత్రం క్షారగుణం గలది. మేతలో మిగులైన సున్నం మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది గనుక చిక్కగా, మడ్డిగా ఉంటుంది. కుందేళ్లు పెంచినవాళ్లకు తట్ట మీద గడ్డకట్టే తెల్లటి పొర తెలుసు, అది ఆ సున్నమే. క్షారం ఎక్కువైనచోట అమ్మోనియా నిలవదు. బోను దగ్గర కళ్లు మండించే ఘాటు వస్తోందంటే, మొక్కకు దక్కాల్సిన నత్రజని మన ముక్కు ముందు నుంచే వెళ్లిపోతోందని అర్థం. కింద మట్టి ఉంటే, అందులోని బంకరేణువులు దాన్ని అమ్మోనియంగా పట్టి ఉంచుతాయి. పెద్దమ్మ వాసన చూసి తట్ట మారుస్తుంది. వారానికి ఇన్నిసార్లు అనే లెక్క లేదు. ముక్కుకు ఘాటు తగలకముందే, తట్ట అంచున మట్టి రంగు ముదిరేసరికి తీసేస్తుంది. వానాకాలంలో త్వరగా, చలికాలంలో కాస్త ఆలస్యంగా.

పెద్దమ్మ దీన్ని ఏ పుస్తకంలోనూ చదవలేదు. వాళ్ల నాన్నగారి గొడ్లచావిట్లో నేర్చుకుంది. చావిడి నేల మీద ఎద్దుల కింద పొడిమట్టి పరిచి, అది మూత్రం పీల్చాక గీకి దిబ్బలో వేసి, మళ్లీ కొత్త మట్టి పరిచేవారట. మూత్రం పీల్చిన ఆ మట్టి విలువను సర్ ఆల్బర్ట్ హోవర్డ్ తన ఇండోర్ పద్ధతిలో ప్రత్యేకంగా నొక్కి చెప్పాడు. 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లోని మొక్కల పరిశోధన సంస్థలో పనిచేసి, యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో ఆ పద్ధతిని పుస్తకంగా ప్రకటించినప్పుడు, పంట చెత్త, పేడలతోపాటు పశువుల పాక నుంచి తవ్వి తీసిన మూత్రపు మట్టిని అందులో ఒక ముఖ్యమైన దినుసుగా చేర్చాడు. ప్రపంచమంతా సేంద్రియ వ్యవసాయానికి పెద్దదిక్కుగా చెప్పుకునే హోవర్డ్ ఈ దేశపు రైతుల్నే తన గురువులుగా చెప్పుకున్నాడు. పెద్దమ్మ తండ్రిలాంటి వాళ్ల చావిళ్లలో ఉన్న తెలివి అది.

కోళ్ల గూటికి వచ్చేసరికి పెద్దమ్మ నియమం పూర్తిగా తిరగబడుతుంది. కోడికి విడిగా మూత్రం లేదు. రెట్ట మీద తెల్లగా కనిపించే భాగమే దాని మూత్రం, అది యూరిక్ ఆమ్లం. పొడిగా ఉన్నంతకాలం అది చాలా నెమ్మదిగా మారుతుంది. తడి తగిలిందంటే త్వరగా అమ్మోనియా అవుతుంది. కాబట్టి కుందేలు కింద పీల్చే ఏర్పాటు కావాలి, కోడి కింద ఆరే ఏర్పాటు కావాలి. గూటిలో మట్టి వేయదు. జానెడు మందాన ఒట్టి ఊక. ఇక్కడ ఊక నీళ్లు పీల్చకపోవడమే మేలు. రెట్ట దాని మధ్య విడివిడిగా ఆరిపోతుంది. ఉదయం పూట గూటిలో గుప్పెడు నూకలు చల్లుతుంది. కోళ్లు ఆ నూకల కోసం కాళ్లతో గీకి గీకి ఊకనంతా తిరగేస్తాయి. పరుపు గడ్డకట్టకుండా కలియబెట్టే పని ఆవిడ అలా కోళ్లకే అప్పగించింది. ఫారాల్లో కూడా ఊక పరుపును మందంగా వేసి కలియబెడుతూ ఉంచే పద్ధతి ఉంది. అయితే అక్కడ మనిషి పట్టుకునే పారను ఇక్కడ కోడికాలు పట్టుకుంది.

లవ్ బర్డ్స్ పంజరం చిన్నదే అయినా దాన్ని శుభ్రం చేసే తీరు చూడాలి. ముందు అడుగు తట్ట మీద నీళ్లు చిలకరిస్తుంది, ఆ తర్వాతే కాగితం చుట్టి తీస్తుంది. పొడి రెట్టను ఊడిస్తే ధూళి లేస్తుంది. చిలక జాతి పక్షుల రెట్ట ధూళి పీల్చినవాళ్లకు సిట్టకోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటుంది, మనవళ్లను దగ్గరకు రానివ్వదు. చుట్టిన కాగితంలో రెట్టతోపాటు కొర్రల పొట్టు, పక్షులు పారబోసిన కొర్రగింజలు కూడా ఉంటాయి. ఆ గింజల సంగతి తర్వాత చెబుతాను, అవి ఆవిడకు ఒక పనిముట్టు.

పెరటి జీవాల పెంటల్లో తేడా పెద్దమ్మకు వేళ్లతోనే తెలుసు. కుందేలు తన మేతను రెండుసార్లు అరిగించుకుంటుంది. రాత్రిపూట, తెల్లవారుజామున వచ్చే మెత్తటి పెంటను అదే తిరిగి తినేస్తుంది. మనకు తట్టలో కనిపించే గుండ్రటి ఎండు పెంటికలు రెండో విడతవి, పీచు ఎక్కువున్నవి. అవి నేరుగా మొక్క మొదట్లో వేసినా వేరు మాడదు. మేక పెంటిక ఇంకా గట్టి, పైన మెరుపు పొర ఉంటుంది, నానితే గానీ విడదు. కోడిరెట్ట అలా కాదు. పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతం ఉంటే కోళ్ల ఎరువులో 3 శాతం దాకా ఉంటుంది. పచ్చిగా వేస్తే మొక్క మాడిపోతుందని మన రైతులందరికీ తెలుసు. కానీ దిబ్బ వేడెక్కాలంటే కావలసింది ఆ వాడే. ఊకలో ఒక పాలు నత్రజనికి 80 నుంచి 100 పాళ్ల దాకా కర్బనం ఉంటుంది. కోడిరెట్టలో ఆ నిష్పత్తి పది పాళ్లకు అటూ ఇటూ. సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేయడానికి 25 నుంచి 30 పాళ్లు కావాలి. ఈ రెండింటినీ సరైన చోట కలపడమే దిబ్బ విద్య. పెద్దమ్మ కొలత మాత్రం తట్టల్లో ఉంటుంది: కోళ్ల గూటి పరుపు ఒక తట్ట, కుందేళ్ల పరుపు రెండు తట్టలు, ఎండు మామిడాకు ఒక తట్ట. ఆకు ఎందుకని అడిగితే, ఊక ఒక్కటే ఉంటే వేడి పుట్టినా నిలవదు, ఆకు మధ్యన పడితే తడి పట్టుకుంటుంది అంది.

దిబ్బ పేర్చడానికి ముందు నానబెట్టడం ఉంది. నా లెక్కలో ఈ మొత్తం పనిలో అతి తెలివైన అడుగు ఇదే. బోను కింద నుంచి తీసిన ఊకను నేరుగా దిబ్బలో వేస్తే పైన పోసిన నీళ్లు దాని సందుల్లోంచి కిందికి కారిపోతాయి. అందుకని సిమెంటు తొట్టిలో వేసి, బియ్యం కడిగిన నీళ్లు, గంజి కలిసిన కుడితి పోసి, పైకి తేలకుండా బండరాయి పెట్టి రెండు రాత్రులు ఉంచుతుంది. ఊక పైపొర మెత్తబడుతుంది. కుడితిలోని పిండిపదార్థం సూక్ష్మజీవులకు మొదటి మేత అవుతుంది. మూడోనాడు తీసి పిడికిట పట్టి పిండుతుంది. వేళ్ల సందుల్లో తడి మెరవాలి, బొట్టు జారకూడదు. బొట్టు జారితే ఎండు ఆకు కలుపుతుంది. పుస్తకాలు చెప్పే 50 నుంచి 60 శాతం తేమ అంటే అదే. తొట్టిలో మిగిలిన నీళ్లను పారబోయదు, పేర్చేటప్పుడు పొర పొరకూ చల్లుతుంది.

దిబ్బకు ఇటుక ముక్కలతో మూడు వైపులా చిన్న గోడ. సిమెంటు లేదు, మట్టి పూత లేదు. ఇటుకకూ ఇటుకకూ మధ్య గాలి ఆడేలా వేలెడు సందు. మహారాష్ట్ర రైతు నారాయణ్ దేవ్‌రావ్ పంఢరీపాండే పేరు మీద వాడుకలోకి వచ్చిన నాడెప్ తొట్టి కూడా ఇలా సందులు వదిలి కట్టినదే, కాకపోతే అది 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తున్న పెద్ద కట్టడం. పెద్దమ్మది మూడడుగుల చదరం. అంతకన్నా చిన్నదైతే పుట్టిన వేడి పక్కల నుంచి పోతుంది. పెద్దదైతే ఒక మనిషి పారతో తిరగేయలేడు. అడుగున మొక్కజొన్న బెండ్లు పేరుస్తుంది, కింద నుంచి గాలి రావడానికి. ఆ పైన పొరలు. కుందేళ్ల తట్టల్లోని మట్టిని ప్రతి పొర మీదా పలచగా చల్లుతుంది. నత్రజని దాచుకున్న మట్టి అది. చివరికి పాత దిబ్బ నుంచి దాచిన గంపెడు ఎరువు. దాన్ని పెద్దమ్మ "తోడు" అంటుంది. పాలకు తోడువేసినంత శ్రద్ధగానే వేస్తుంది, ఒక్కచోట కుమ్మరించకుండా పొరలన్నిటికీ అందేట్టు.

పొయ్యి బూడిద మాత్రం ఈ దశలో దగ్గరికి రానివ్వదు. మన ఇళ్లలో బూడిద దిబ్బ మీద పోయడం అలవాటే. పొటాష్ ఉంటుంది, మంచిదే. అయితే బూడిద క్షారం. పచ్చి రెట్ట, మూత్రం ఉన్నచోట అది పడితే అమ్మోనియాను తరిమేస్తుంది. దిబ్బ వేడి తగ్గి, ఘాటు పూర్తిగా పోయాక, రెండోసారి తిరగేసినప్పుడు దోసెడు చల్లుతుంది. రసాయనశాస్త్రం చదివినవాళ్లు కూడా ఈ వరస తప్పడం చూశాను.

పేర్చిన రెండో రోజుకే దిబ్బ వెచ్చబడుతుంది, నాలుగో రోజుకు కాలుతుంది. పొడవాటి ఇనప చువ్వను మధ్యకు గుచ్చి, కాసేపు ఉంచి తీసి పట్టుకుంటుంది. చెయ్యి వెనక్కి రావాలి. అంటే 55, 60 డిగ్రీలు. ఆ వేడిలోనే సాల్మొనెల్లా లాంటి రోగకారక బ్యాక్టీరియా, కడుపులో పురుగుల గుడ్లు, తుంగ కాకపోయినా వయ్యారిభామ లాంటి కలుపు గింజలు నశిస్తాయి. అయితే కాలేది నడిమే. అంచులు చల్లగానే ఉంటాయి. అందుకే తిరగేయడం. అమెరికాలో పెద్ద యార్డుల్లో మురుగుబురద కంపోస్టుకు ఉన్న నియమం ప్రకారం కుప్ప 55 డిగ్రీలకు తగ్గకుండా 15 రోజులు ఉండాలి, ఆ లోపు కనీసం 5 సార్లు తిప్పాలి. మూడడుగుల పెరటి దిబ్బ అన్ని రోజులు వేడి నిలుపుకోలేదు. పెద్దమ్మకు ఆ నియమం తెలియకపోయినా ఆ లోటు తెలుసు. అందుకే చువ్వ చల్లబడ్డ ప్రతిసారీ తిరగేస్తుంది. అంచున ఉన్నది మధ్యకు, మధ్యన ఉన్నది అంచుకు. పారతో ఎత్తి అలా కుమ్మరించడం కాదు. ముందు మూడు వైపుల చర్మాన్ని గీకి విడిగా పెట్టి, నడిమిని తీసి గోనె మీద పోసి, గీకిన దాన్ని నడిమిలో పేర్చి, చుట్టూ వేడిదాన్ని కప్పుతుంది. ఒక్కసారి చూస్తే ఏదో కలియబెడుతోందనిపిస్తుంది. జాగ్రత్తగా చూస్తే ప్రతి తట్టా ఎక్కడి నుంచి వచ్చిందో, ఎక్కడికి వెళ్తోందో ఆవిడకు తెలిసి చేస్తున్న పని.

కొర్రగింజలు పనికొచ్చేది ఇక్కడే. దిబ్బ తిరగేసిన వారం తర్వాత ఏ మూలన కొర్ర మొలకలు పచ్చగా లేచాయో చూస్తుంది. మొలక వచ్చిందంటే ఆ మూల కాలలేదు. తర్వాతిసారి ఆ మూల తట్టలే ముందుగా మధ్యకు వెళ్తాయి. మొలకలు ఎక్కడా రాకపోతే దిబ్బంతా ఒకసారి మంటను దాటిందని నమ్మకం. థర్మామీటరు ఒక్కచోట వేడిని చెబుతుంది. పంజరం కింద రాలిన గింజలు దిబ్బ నాలుగు మూలల సంగతీ చెబుతున్నాయి. ఈ ఉపాయం నేను మరెక్కడా చూడలేదు.

ఎండాకాలంలో దిబ్బ మీద తాటాకు, దాని మీద తడిపిన గోనె. వానలు పడగానే గోనె తీసి పాత రేకు. నానిపోయిన దిబ్బలో గాలి ఉండదు, కుళ్లువాసన వస్తుంది. మూడోసారి తిరగేశాక వేడి మళ్లీ పుట్టదు. అప్పుడు వేపచెట్టు నీడన మరో గుంటలోకి మార్చి మాగనిస్తుంది. ఎర్రలు అక్కడికి వాటంతటవే వస్తాయి. వేడి దిబ్బలో, అమ్మోనియా ఘాటులో అవి బతకవు, అందుకే ముందే తెచ్చి వేయదు. ఊకను నిజంగా కరిగించేది ఈ నిదానపు దశే. లిగ్నిన్‌ను విడగొట్టే బూజులు చల్లబడ్డాకే బలంగా పనిచేస్తాయి. ఆకుల దిబ్బకు మూడు నెలలు చాలు. ఊకకు ఇంకా మూడు నాలుగు నెలలు ఓపిక పట్టాలి.

ఈ మాగే గుంటకు ఒక శత్రువు ఉంది, కొమ్ము పురుగు. కొబ్బరి, ఆయిల్‌పామ్ మొవ్వుల్ని తొలిచే ఆ నల్లటి పెంకుపురుగు గుడ్లు పెట్టేది ఇలాంటి మెత్తటి ఎరువు గుంటల్లోనే. దాని పిల్లపురుగు బొటనవేలంత లావున, తెల్లగా, సి అక్షరంలా వంకర తిరిగి ఉంటుంది. చుట్టుపక్కల ఆయిల్‌పామ్ పెరుగుతున్న ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. వ్యవసాయ శాఖవాళ్లు ఎరువు గుంటల్లో మెటారైజియమ్ బూజుమందు కలపమంటారు. పెద్దమ్మ గుంటను నెలకోసారి చేత్తో కెలికి, దొరికిన పురుగుల్ని కోళ్లకు వేస్తుంది. అవి ఎగబడి తింటాయి.

ఏది వేస్తుందో చెప్పాను. ఏది వేయదో కూడా ఈ పనితనంలో భాగమే. వీధిలో పిల్లి చేసే మాలిన్యాన్ని దిబ్బ దరిదాపులకు రానివ్వదు, కుక్కదీ అంతే. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా, కుక్క మలంలో టాక్సోకారా పరాన్నజీవులు ఉండొచ్చు. గర్భిణులకూ పిల్లలకూ ప్రమాదం, పెరటి దిబ్బ వేడిని నమ్ముకోవడానికి లేదు. ప్లైవుడ్ కోసిన రంపపు పొట్టు వేయదు, అందులో జిగురు ఉంటుంది. మామూలు కలప పొట్టయినా ఊకకన్నా నత్రజని తక్కువున్నది కాబట్టి పిసరంతే. చచ్చిన కోడినీ దాని కింది పరుపునూ దూరంగా సున్నం వేసి పాతిపెడుతుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు కొన్నాళ్లు బయటి ఇళ్ల కోళ్లచెత్త తీసుకోవడం పూర్తిగా మానేసింది.

చిన్న జీవాల పెంట విలువ మనవాళ్లు కొత్తగా కనుక్కున్నది కాదు. కోతలయ్యాక పొలంలో గొర్రెల మందను రాత్రిళ్లు పడుకోబెట్టించుకోవడం తెలుగు పల్లెల్లో తరతరాల అలవాటు. అందుకు కాపరికి రైతు డబ్బో ధాన్యమో ఇస్తాడు. అక్కడ పెంటికలతోపాటు మూత్రం కూడా నేరుగా పొలం మట్టిలోకే దిగుతుంది. ఇంకా వెనక్కి వెళ్తే 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేద అధ్యాయంలో, చెట్టు బాగా పూసి కాయడానికి గొర్రె, మేక పెంటల పొడిని నువ్వులతో, మరికొన్ని దినుసులతో కలిపి నీళ్లలో ఏడు రాత్రులు నిలవబెట్టి మొదట్లో పోయమన్నాడు. పశువు పేడ అందుబాటులో ఉన్న కాలంలోనే ఈ చిన్న జీవాల పెంటను ఎంచి మరీ చెప్పారంటే దాని సత్తా వాళ్లకు తెలుసు. ఇప్పుడు ఊళ్లలో ఎద్దులు తగ్గాయి, చావిళ్లు పోయాయి. పెరట్లో మిగిలినవి కోళ్లు, కుందేళ్లు, పంజరంలో పక్షులు. పెద్దమ్మ తండ్రి నేర్పిన చావిడి విద్యను తగ్గ కొలతకు కుదించి బోను కిందికి తెచ్చింది. ఆవిడ చేసిన అసలు గొప్ప పని అదేనని నా అభిప్రాయం.

మాగిందో లేదో చూడటానికి ఆవిడ చేసే పరీక్ష కూడా చెప్పాలి. గుప్పెడు ఎరువు తడిపి గుడ్డలో మూటకట్టి, సీసాలో పెట్టి మూత బిగించి మూడు రోజులు ఉంచుతుంది. తీసినప్పుడు తొలకరి వాసన వస్తే అయినట్టే. పుల్లటి వాసన, ఘాటు ఏమాత్రం తగిలినా గుంటలోకి వెనక్కి. తర్వాత ఇసుక జల్లెడలో జల్లిస్తుంది. కింద పడ్డది నల్లగా, వేళ్లకు అంటకుండా, నలిపితే పొడిగా రాలుతుంది. అక్కడక్కడా ఊక ముక్కలు ఇంకా కనిపిస్తాయి, కానీ గోటితో నొక్కితే నలిగిపోతాయి. కుండీ మట్టిలో ఆ ముక్కలు గాలి ఆడటానికి పనికొస్తాయని వాటిని పట్టించుకోదు. జల్లెడ పైన మిగిలిన బెండు ముక్కలు, గడ్డలు మళ్లీ దిబ్బ అడుక్కి.

వాడకంలో చాలా పొదుపు. వంగ, మిరప మొక్కకు దోసెడు, మొదలుకు తగలకుండా చుట్టూ గాడి తీసి, మట్టి కప్పి. బీర, సొర పాదులకు విత్తనం పెట్టకముందే గుంటలో తట్టెడు. మల్లెకు చలికాలం చివర కొమ్మలు కత్తిరించాక, మామిడికి కాయ దిగిపోయి మృగశిర కార్తె వానలు పడ్డాక, చెట్టు నీడ అంచు వెంబడి. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా మడుల్లో మాత్రం ఏడాది మాగినదే వేస్తుంది.

వీధిలో చాలామంది ఈ ఎరువు అడుగుతారు. ఆవిడ డబ్బులకు ఇవ్వదు. రెండు గోతాల కోళ్లచెత్తో కుందేళ్లచెత్తో తెచ్చినవాళ్లకు ఒక బకెట్ ఎరువు, అదీ బేరం. గోతం మూతి విప్పి ముందు వాసన చూస్తుంది, చెయ్యి పెట్టి తడి చూస్తుంది, అడుగు నుంచి గుప్పెడు పైకి తీసి వెలుతురులో పరీక్షగా చూస్తుంది. మొన్న కొత్తగా కోళ్లు పెట్టిన కుర్రాడొకడు మొదటి గోతం మోసుకొచ్చాడు. అంతా చూశాక ఇంకో ప్రశ్న అడిగింది:

"ఈ నెల్లో కోళ్లకు మందేమన్నా పెట్టావా అబ్బాయ్?"

పెట్టానన్నాడు. గోతం మూతి కట్టి, విడిగా గోడ పక్కన పెట్టించి, దాని మీద బొగ్గుతో తారీఖు వేసింది.